నేలకు బాకీపడ్డ పాత్రలు: ఉప్పుకోట క్యాంపెయిన్ కేస్ స్టడీ

రెండో సెషన్ మొదలైన 40 నిమిషాలకు నా క్యాంపెయిన్‌లో దాహం తీరిపోయింది. కథంతా ఆ దాహం మీదే కట్టుకున్నాను. ఇది బల్ల చుట్టూ కూర్చుని పాచికలతో ఆడే రోల్‌ప్లేయింగ్ ఆట: ఆటగాళ్ళు తలా ఒక పాత్రను ఆడతారు, గేమ్ మాస్టర్‌గా నేను లోకాన్ని నడుపుతాను. ఒక్కసారి కూర్చుని ఆడేది సెషన్, సెషన్లన్నీ కలిపి సాగే కథ క్యాంపెయిన్.

ఉప్పుకోట ఎండిపోయిన సముద్రం అడుగున ఉన్న కోట. మూడు తరాల కిందట నీరు వెనక్కి వెళ్ళిపోయింది, ఉప్పు మిగిలింది. 400 మంది ఆ ఉప్పు తవ్వుకుని బతుకుతారు. కోటలో ఉన్నది ఒకే బావి, అది అందరికీ చాలదు. అందుకని 30 రోజులకొకసారి నీటి బిడారు రావాలి. మొదటి సెషన్ చివర బిడారు రావడం లేదన్న వార్త వచ్చింది. ఇక ఐదు పాత్రలూ ఎవరి తలుపు తట్టాలో, ఎవరి దగ్గర ఏమి తాకట్టు పెట్టాలో తేల్చుకోవాలి. బావి కాపలాదారు, ఉప్పు గుత్తేదారు, దొంగ నీటి చీటీల ముఠా అంటూ మూడు దారులు సిద్ధం చేసుకుని కూర్చున్నాను. క్లెరిక్‌ను, అంటే మంత్రాలు (స్పెల్స్) వేసే పూజారిని, ఆడుతున్న మిత్రురాలు తన షీటు (పాత్ర వివరాలూ శక్తులూ రాసుకునే కాగితం) చూసుకుని, "నీటిని సృష్టించే స్పెల్ నా దగ్గర ఉంది కదా, ఖాళీ పీపా ఒకటి దొరికితే చాలు" అంది. పీపా దొరికింది, నిండింది. నా మూడు దారులూ అక్కడితో ముగిశాయి.

ఆమె తప్పు ఇందులో రవ్వంత కూడా లేదు. నిబంధనల ప్రకారం ఆడింది, తోటివారిని కాపాడింది. తప్పంతా అంతకు ముందు, పాత్రలు తయారైన తీరులో ఉంది. ఆరో సెషన్ తర్వాత ఆట ఆపేశాను. అదే ఐదుగురితో, అదే కోటలో, అవే నిబంధనలతో పాత్రలను మళ్ళీ కట్టించాను. ఆ రెండో క్యాంపెయిన్ 31 సెషన్లు నడిచింది. ఆ రెండు ప్రయత్నాల మధ్య ఏమి మారిందో ఇక్కడ పూర్తిగా రాస్తున్నాను.

మొదటిసారి ఏమి జరిగింది

మేము ఆడింది డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఐదో కూర్పు, 2014 నిబంధనలతో. ఆట మొదలయ్యే ముందు కోట గురించి 14 పేజీల పత్రం రాసి అందరికీ పంపాను. అందులో తొమ్మిది పేజీలు చరిత్రే: సముద్రాన్ని ఏలిన రాజులు, ఓడరేవు యుద్ధాలు, కోట కట్టించిన వంశం. అందరూ చదివారు. చదివి, ఎవరి ఇంట్లో వారు కూర్చుని పాత్రలు తయారు చేసుకున్నారు.

నదీ దేవతను కొలిచే క్లెరిక్. అడవిలో పెరిగిన రేంజర్, అంటే నేల ఆనుపానులు తెలిసిన వేటగాడు. తనవాళ్ళందరినీ పోగొట్టుకుని ఎవరినీ నమ్మని రోగ్, అంటే దొంగ విద్యలు తెలిసిన మనిషి. దూరదేశంలో సింహాసనం పోగొట్టుకున్న రాకుమారుడు, క్లాసు (ఆటలో పాత్ర వృత్తి) ఫైటర్, అంటే యోధుడు. పాత గ్రంథాలయాన్ని వెతికే విజార్డ్, అంటే మాంత్రికురాలు. విడివిడిగా చూస్తే అయిదూ మంచి పాత్రలే. కొన్నిటికి రెండేసి పేజీల పూర్వకథ కూడా ఉంది. అయితే ఆ పూర్వకథల్లో కోట పేరున్న చోటల్లా దాన్ని చెరిపి మరో ఊరి పేరు రాసి చూశాను, ఆట ఆపేసిన తర్వాతే సుమా. ఐదు కథల్లోనూ ఒక్క వాక్యం కూడా విరగలేదు. అప్పుడు అర్థమైంది, ఆ ఐదుగురూ ఉప్పుకోటలో బస చేసిన బాటసారులు మాత్రమేనని.

ఒక్కొక్క పాత్ర ఎక్కడ బెసికిందో చెప్పాలంటే క్లెరిక్ దగ్గర కాస్త ఆగాలి, ఎందుకంటే అక్కడ లెక్క చాలా కచ్చితంగా ఉంది. నిబంధనల ప్రకారం ఒక మనిషికి రోజుకు ఒక గ్యాలన్ నీరు కావాలి, అంటే దాదాపు 3.8 లీటర్లు. ఎండ తీవ్రంగా ఉంటే రెండు గ్యాలన్లు. ఎండిన సముద్రం మీద ఎప్పుడూ ఎండే కనుక ఐదుగురికి పది గ్యాలన్లు. నీటిని సృష్టించే ఆ మొదటి లెవెల్ స్పెల్ ఒక్కసారికి ఇచ్చేది కూడా సరిగ్గా పది గ్యాలన్లే. మొదటి లెవెల్ క్లెరిక్‌కు రోజుకు రెండు స్పెల్ స్లాట్లు, అంటే రెండుసార్లు స్పెల్ వేసే వీలు, ఉంటాయి. ఒక స్లాటు ఖర్చు పెడితే బృందానికి ఆ రోజుకు దాహం అన్న మాటే ఉండదు. 400 మందికి ఆ నీరు చాలదు, నిజమే. కానీ ఆడేవాళ్ళ ఐదు గొంతులూ తడిసిన తర్వాత మిగతా వారి దాహం వాళ్ళకు వార్త అవుతుంది, బాధ కాదు.

ఇంకో సంగతి. క్లెరిక్ స్పెల్‌ను ప్రత్యేకంగా నేర్చుకోనక్కర లేదు. తన లెవెల్‌కు అందే స్పెల్స్ జాబితా మొత్తం ఆమెదే, దీర్ఘ విశ్రాంతి తర్వాత అందులోంచి కావలసినవి సిద్ధం చేసుకుంటుంది. కాబట్టి షీటులో ఈ రోజు ఏమి రాసి ఉందో చూసి గేమ్ మాస్టర్ నిశ్చింతగా ఉండకూడదు. క్లాసు మొత్తం ఏమి చేయగలదో చూడాలి. నేను చూడలేదు.

రేంజర్‌ది దీనికి సరిగ్గా ఎదురు సమస్య. అతను తనకు అలవాటైన నేలగా అడవిని ఎంచుకున్నాడు. బ్యాక్‌గ్రౌండ్‌గా, అంటే పాత్ర పూర్వ జీవితంగా, తీసుకున్నది నాగరికతకు దూరంగా పెరిగిన సంచారిది. ఆ బ్యాక్‌గ్రౌండ్ ఉన్నవారు తమతో పాటు మరో ఐదుగురికి రోజూ తిండీ నీరూ వెతికి తేగలరు, కానీ నేలలో అవి ఉంటేనే. ఉప్పు మేటల్లో ఏమీ ఉండవు. అడవి ఎక్కడా లేదు. అంటే షీటులోని రెండు ప్రధానమైన బలాలు ఆరు సెషన్లపాటు ఒక్కసారి కూడా పనిచేయలేదు. క్లెరిక్ బలం నా కోటను మింగేసింది, నా కోట రేంజర్ బలాన్ని మింగేసింది. ఆ మిత్రుడు నాలుగో సెషన్ నుంచి ఫోను చూసుకోవడం మొదలుపెట్టాడు, నాకు బాధ కలిగింది కానీ కారణం అప్పటికి తెలియలేదు.

రాకుమారుడి శత్రువులు వేల మైళ్ళ దూరంలో ఉన్నారు. విజార్డ్ వెతికే గ్రంథాలయం కూడా అంతే. రోగ్ ఎవరితోనూ మాట్లాడదు. ప్రతి సెషన్‌లో ఆమె బృందంతో ఎందుకు ఉందో నేనే ఒక సాకు అల్లాల్సి వచ్చేది.

బాకీ అన్న మాట

ఆట ఆపేసిన వారం నేను తెలుసుకున్న ముఖ్యమైన సంగతి ఇదే: పాత్ర సెట్టింగ్‌కు (కథ జరిగే చోటుకు) సరిపోవడం అంటే వేషం సరిపోవడం కాదు. ఎడారి కథలో తలపాగా చుట్టుకున్నంత మాత్రాన ఎడారి మనిషి కాడు. ఆ చోట దేనికి కరువుందో ఆ కరువు పాత్ర మెడకు చుట్టుకోవాలి. మా బల్ల దగ్గర దీనికి బాకీ అని పేరు పెట్టుకున్నాం. ఈ పాత్ర కోటకు ఏమి బాకీ? కోట ఈ పాత్రకు ఏమి బాకీ? రెండిటిలో ఒక్కదానికైనా జవాబు ఉంటే పాత్ర అక్కడి మనిషి. రెండిటికీ ఉంటే నేను ఏమీ సిద్ధం చేసుకోకపోయినా కథ నడుస్తుంది.

ఈ ఆలోచన కొత్తదేమీ కాదు. 1977లో వచ్చిన ట్రావెలర్ అనే అంతరిక్ష ఆటలో పాత్ర తయారీ అంటేనే నాలుగేళ్ళ చొప్పున కొలువు చేయడం. ప్రతి విడతకూ పాచికలు వేయాలి. ఆ కూర్పులో ఆట మొదలుకాక ముందే కొలువులో పాత్ర చనిపోయే అవకాశం కూడా ఉండేది. బతికి బయటపడ్డ పాత్రకు వయసు, హోదా, నైపుణ్యాలు అన్నీ ఆ లోకం ఇచ్చినవే. ఆటగాడు రాసిన పూర్వకథ వేరు, లోకం రాసిన పూర్వకథ వేరు. నాకు చావు అవసరం లేదు, లోకం చేయి మాత్రం కావాలి.

14 పేజీల పత్రాన్ని పక్కన పెట్టి ఒక పేజీ రాశాను. ఏడు వాక్యాలు. అందులో నాలుగు ఇవి: "నీటిని చీటీతో కొలుస్తారు, చీటీ లేనివారు రాత్రి గేటు లోపల ఉండకూడదు." "బావి తాళం ఇరవై ఏళ్ళ కిందట ఒక కుటుంబం చేతిలోంచి మరో కుటుంబం చేతికి పోయింది, ఎలాగో అందరికీ తెలుసు, ఎవరూ అనరు." "పాత ఓడల చెక్క ఇంకా ఉప్పులో దొరుకుతుంది, దాన్ని కాల్చడం నేరం." "బిడారు దారి తెలిసినవారు పదిమందికి మించి లేరు." చరిత్ర అంతా తీసేశాను. ఈ వాక్యాలను ఎంచుకున్న కొలమానం ఒక్కటే: చదివిన ఆటగాడికి వెంటనే ఒక పనో, ఒక తప్పో, ఒక పగో తట్టాలి. "కోటను ఫలానా వంశం కట్టించింది" అంటే ఎవరికీ ఏమీ తట్టదు. "చీటీ లేనివారు గేటు బయట పడుకోవాలి" అంటే దొంగచీటీ తయారు చేసే మనిషి దానంతట అదే పుడుతుంది. నిజంగానే పుట్టింది.

సెషన్ జీరోలో మూడు గంటలు

సెషన్ జీరో అంటే ఆట మొదలయ్యే ముందు అందరూ కలిసి మాట్లాడుకునే సమావేశం. ఈసారి ఎవరూ ఇంట్లో పాత్ర తయారు చేసుకుని రావద్దన్నాను. అందరం ఒకే బల్ల చుట్టూ, ఖాళీ షీట్లతో కూర్చున్నాం. ముందు కథ స్వరం గురించి మాట్లాడుకున్నాం. నీటి కరువు కథలో ఏది చూపాలి, ఏది చూపకూడదు? పసిపిల్లలు దాహంతో చనిపోవడం బల్ల మీదికి రావద్దని ఒక మిత్రుడు అడిగాడు. కారణం అడగలేదు, గీత గీశాం. 31 సెషన్లలో ఆ గీత దాటలేదు.

ఆ తర్వాత ఒక్కొక్కరినీ అడిగిన మొదటి ప్రశ్న కోట గురించి కాదు. "పోయినసారి నీ పాత్రలో నీకు నిజంగా నచ్చిన ఆట ఏమిటి?" అని. ఈ ప్రశ్న లేకుండా "ఇది మా లోకంలో కుదరదు" అని కొట్టేసే గేమ్ మాస్టర్లను చాలామందిని చూశాను, నేనూ అలా చేశాను. దానివల్ల ఆటగాడు కోరిన రుచి పోతుంది, కోపం మిగులుతుంది. కోరిక వేరు, దానికి తొడిగిన వేషం వేరు. వేషాన్ని మార్చవచ్చు, కోరిక జోలికి పోకూడదు.

రాకుమారుడిని ఆడిన మిత్రుడు కాసేపు ఆలోచించి, "నాది కావలసింది వేరేవాడి చేతిలో ఉండటం, దాన్ని రోజూ కళ్ళారా చూడటం" అన్నాడు. ఇక చెప్పేదేముంది? సింహాసనం పోయి బావి తాళం వచ్చింది. అతను ఇప్పుడు తాళం పోగొట్టుకున్న కుటుంబపు కొడుకు, అదే బావి గేటు దగ్గర జీతానికి కాపలా కాస్తున్నాడు. ఫైటర్ క్లాసు మారలేదు, ఒక్క అంకె మారలేదు. కోరిక అదే, చిరునామా మాత్రం వేల మైళ్ళు దగ్గరికి జరిగింది.

రోగ్‌ను ఆడిన ఆమెకు ఒంటరితనం మీద పెద్ద మక్కువ లేదని అప్పుడే తెలిసింది. ఆమెకు కావలసింది ఒక రహస్యం, దాన్ని తను ఎంచుకున్న క్షణంలో బయటపెట్టే హక్కు. ఎవరినీ నమ్మని ఒంటరి పాత్రలో ఆ రెండోది ఎప్పటికీ జరగదు. చెప్పుకోవడానికి మనిషి ఉండాలి కదా. ఏడు వాక్యాల్లో మొదటిదాన్ని పట్టుకుని నీటి చీటీలు రాసే గుమాస్తా అయింది, రాత్రిళ్ళు దొంగచీటీలు కూడా రాస్తుంది. ఇక్కడ ఫేట్ అనే ఆట నుంచి ఒక పద్ధతి అరువు తెచ్చుకున్నాను: ఒకరి పూర్వకథలో మరొకరికి చిన్న పాత్ర ఉండాలి. ఆమె రాసిన మొట్టమొదటి దొంగచీటీ కాపలాదారు తల్లికి అమ్మింది. ఆ సంగతి అతనికి తెలియదు. ఆటగాడికి తెలుసు, పాత్రకు తెలియదు. ఈ తేడా వల్ల బల్ల దగ్గర ఎంత ఆనందం పుడుతుందో అనుభవించినవారికే తెలుస్తుంది.

రేంజర్ మలుపు నాది కాదు, పూర్తిగా అతనిదే. అలవాటైన నేలను ఎడారికి మార్చడం సులువైన పని, అది ఒక్క నిమిషంలో అయిపోయింది. బ్యాక్‌గ్రౌండ్ దగ్గర ఆగి, "సముద్రం అడుగునే కదా ఉన్నాం, నావికుడిని తీసుకోవచ్చా?" అన్నాడు. సముద్రమే చూడని నావికుడు! తాతల నాటి సముద్ర పటాలు అతని దగ్గర ఉన్నాయి. వాటి మీద రాసి ఉన్న లోతుల అంకెలే ఇప్పుడు గుంటలూ మెరకలూ చూపే దారి. బిడారు దారి తెలిసిన పదిమందిలో అతనొకడు అయ్యాడు. నావికుడి బ్యాక్‌గ్రౌండ్‌లో ఓడ మీద ఉచితంగా ప్రయాణం చేయించుకునే సౌకర్యం ఉంటుంది, దాన్ని బిడారుకు మార్చాం. బ్యాక్‌గ్రౌండ్‌లను ఇలా సవరించుకోవచ్చని నిబంధనల పుస్తకమే చెబుతుంది. అతను ఫోను పక్కన పెట్టేశాడు.

క్లెరిక్ దగ్గర మాత్రం నా మొదటి ఆలోచన తప్పుదారి పట్టింది. ఆ స్పెల్ ఈ లోకంలో లేదని తేల్చేద్దామనుకున్నాను. చాలామంది చేసేది అదే, నిబంధనల్లో తప్పు కూడా కాదు. కానీ ఆమెను అదే ప్రశ్న అడిగినప్పుడు, "అడిగినవారికి లేదనకుండా ఇవ్వగలగడం" అంది. ఆ స్పెల్ తీసేస్తే ఆ కోరికకు ఈ కోటలో ఉన్న అతి పెద్ద రూపం తీసేసినట్టే. నీరు లేని చోట నీరు ఇవ్వగలగడం కంటే పెద్ద దానం ఏముంటుంది? గంటసేపు అటూ ఇటూ లాగిన తర్వాత ఇద్దరం కలిసి ఒక మాటకు వచ్చాం. స్పెల్ ఉంటుంది, పది గ్యాలన్లూ వస్తాయి. కానీ ఆ నీరు శూన్యంలోంచి రాదు, బావిలోంచి వస్తుంది. ఆమె ఎంత సృష్టిస్తే బావి అంత తగ్గుతుంది. ఈ సంగతి ఆమెకు, బావి కాపలాదారుకు తప్ప ఎవరికీ తెలియదు. పోయిన ఏడాది జ్వరంతో ఉన్న తమ్ముడి కోసం ఆమె పీపా నింపింది. మర్నాడు తూర్పు వాడలో చీటీలున్నవారికి కూడా నీరు అందలేదు. ఆమె కోటకు పది గ్యాలన్లు బాకీ. తమ్ముడు బతికాడు.

ఆ ఒక్క మార్పుతో మొదటి క్యాంపెయిన్‌ను కూల్చిన స్పెల్ రెండోదానికి వెన్నెముక అయింది. ఆమె చేయి ఎత్తిన ప్రతిసారీ బల్ల దగ్గర అందరూ మాట్లాడటం ఆపేసేవారు.

రెండోసారి నేను చేసిన తప్పు

విజార్డ్ విషయంలో అతి చేశాను. ఆమె వెతికే గ్రంథాలయం కోట కిందనే, ఉప్పులో పూడిపోయి ఉందన్నాను. అంతవరకు బాగానే ఉంది. ఆ గ్రంథాలయంలో సముద్రం ఎందుకు పోయిందో చెప్పే ఒక పుస్తకం ఉందని, అది నేను ముందే రాసుకున్న ఒకే ఒక్క జవాబని పెట్టుకున్నాను. తొమ్మిదో సెషన్‌లో ఆమె తెలివిగా ఆడి పుస్తకం సాధించింది. ఆ సెషన్ అద్భుతంగా సాగింది. పదో సెషన్‌లో ఆమె నన్ను, "ఇప్పుడు నేను ఇక్కడ ఎందుకు ఉన్నాను?" అని అడిగింది. నా దగ్గర సమాధానం లేదు. మిగిలిన నలుగురి బాకీలు మనుషులతో ఉన్నాయి. మనుషులతో బాకీ ఒకరోజు తీరినా మర్నాడు మరో రూపంలో పుడుతుంది. ఆమె బాకీ ఒక వస్తువుతో ఉంది, దొరికింది, తీరింది. రెండు సెషన్ల తర్వాత ఆ పుస్తకాన్ని చదివి వినిపించాల్సిన ఒక ముసలి ఉప్పరిని ప్రవేశపెట్టి కొంత సరిచేశాను. అయినా ఆ పాత్ర చివరి వరకు మిగిలినవారంత లోతుకు వెళ్ళలేదు. ఆ లోటు నాదే.

ఇంకో చిన్న లోటు కూడా ఉంది. ఐదుగురినీ కోటవాసులను చేయడంతో కోటను కొత్తగా చూసే కళ్ళు లేకుండా పోయాయి. "ఇదేమి వింత ఆచారం?" అని అడిగేవారు లేరు. కొన్ని వివరాలు నేను చెప్పకముందే అందరికీ తెలిసినవి అయిపోయాయి.

19వ సెషన్‌లో ఆరో ఆటగాడు చేరినప్పుడు ఆ రెండో లోటు కాస్త తీరింది. అతను రెండు సెషన్లు పక్కన కూర్చుని చూశాడు, ఆ తర్వాత ఏడు వాక్యాల పేజీ ఇచ్చాను. పాత్ర తయారీకి అరగంట పట్టింది. తాను బయటి మనిషినే అవుతానన్నాడు. మొదటి క్యాంపెయిన్‌లో అయితే భయపడేవాడిని. "కోటకు నీ బాకీ ఏమిటి?" అని అడిగాను. పేజీని రెండుసార్లు చదివి, "ఆ రాని బిడారు ఉంది కదా, దాన్ని నడిపించింది నేనే" అన్నాడు. బల్ల చుట్టూ ఐదుగురూ ఒక్కసారిగా అతని వైపు తిరిగారు. నావికుడు తన పటం మడిచి సంచిలో పెట్టుకుని, "గేటు వేసేయండి, ఇతన్ని బయటకు పోనివ్వకండి" అన్నాడు. కాపలాదారు పాచికలు అందుకున్నాడు.